ఉబ్బరం ఓబులమ్మ తగునా, తగదా

టీవీలో నవ్వించేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. నేను నంద్యాలలో హైస్కూలు లెక్కల మాస్టరును. నేను బోర్డు వైపు తిరిగి వర్గమూలం కడుతుంటే వెనక బెంచీలోంచి ఒకడు నోటితో బర్రుమని మోత చేస్తాడు. తరగతంతా విరగబడి నవ్వుతుంది. ఎక్కడ నేర్చుకున్నార్రా ఈ విద్య అని గద్దిస్తే, 'పకపకల పంచాయితీ' సార్, అంటారు. ఏడాదంతా నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన పాఠం వాళ్లకు గుర్తుండదు. ఆ మోత మాత్రం ఒక్కసారి వింటే చాలు, నోటికి వచ్చేస్తుంది.

'పకపకల పంచాయితీ' అనేది శుక్రవారాలు వచ్చే హాస్య కార్యక్రమం. మొగుడు పెళ్లాన్ని బాదడం, పెళ్లాం మొగుణ్ణి బాదడం, మగవాళ్లు చీరలు కట్టుకుని వయ్యారాలు పోవడం, మధ్యమధ్య ఎవరికో ఒకరికి కడుపుబ్బరం. మాట మరీ హద్దు దాటితే టీవీ వాళ్లే కుయ్‌మని ఒక మోత పెట్టి దాన్ని మూసేస్తారు. వాళ్లకే సిగ్గేసి మూశారంటే అది ఎంత పాడుమాటో ఆలోచించండి అని నేను అందరితోనూ వాదించేవాణ్ణి.

అక్కడితో ఆగితే నాకేం బాధ లేదు, మా ఇంట్లో ఆ చానెల్ పెట్టకపోతే సరిపోతుంది. చిక్కల్లా అందులో ఉబ్బరం ఓబులమ్మ అనే ముసలిదాని వేషం వేసేది మా చర్చి పిల్ల కావడం. ఆళ్లగడ్డలో అంగన్‌వాడీ ఆయాగా చేసే కమలమ్మ కూతురు నిర్మల. నంద్యాలలో ప్రతి వేసవిలోనూ మా సంఘం రెండు ఊళ్ల యువతకీ కలిపి శిబిరం పెడుతుంది. నిర్మల మొట్టమొదట ముసలమ్మ వేషం కట్టింది ఆ శిబిరం ఆఖరి రోజు సాయంత్రమే. ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత హైదరాబాదు పోయింది, టీవీలో కనిపించింది, మేమంతా చప్పట్లు ఆపేశాం. 'కూతుర్ని అట్ల వదిలేసినావే' అని చర్చి గేటు దగ్గరే కమలమ్మను ఒకరిద్దరు అడిగారు. అప్పటినుంచి ఆవిడ వెనక వరసలో, ఎవరి కంటా పడకుండా కూర్చుంటోంది. నిర్మల సొంత ఊరికి వచ్చినా చర్చి వైపు రావడం మానేసి రెండేళ్లయింది.

ఈ ఏడు శిబిరం కార్యదర్శిని నేను. ఆఖరి సాయంత్రానికి నిర్మలక్కను పిలవాలని యువత పట్టుబట్టి, మమ్మల్ని అడక్కుండానే ఫోన్ కూడా చేసేసింది. సంగతి తెలిసి మా కమిటీలో ఉన్న సెల్‌ఫోన్ల షాపు అజయ్ కుమార్ వాట్సాప్ గుంపులో అగ్గి రాజేశాడు. ఎదిగే పిల్లల ముందు ఆ బూతుల ఆటేమిటి, రేపు వాళ్లు ఇళ్లలో అదే కూస్తే ఎవరిది పూచీ అన్నాడు. నేను వెంటనే ఔనన్నాను. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. పిలిచి, మళ్లీ వద్దంటే ఆ తల్లీకూతుళ్లు ఇక జన్మలో మన గడప తొక్కరని వాళ్ల వాదన. అదీ నిజమే.

మా పాస్టరు మోషే గారు గుంటూరు వైపు మనిషి. నంద్యాల, ఆళ్లగడ్డ రెండు చర్చిలూ ఆయనే చూసుకుంటారు. వచ్చి ఏడాది కాలేదు, తగువులంటే భయం. ఇద్దరికీ మధ్యగా ఆయన ఒక దారి చెప్పారు. ఆళ్లగడ్డలో ఉండే పరంజ్యోతి టీచరమ్మ ఆ కార్యక్రమం చూసి, పిల్లలకు తగునో తగదో చెప్పాలి. ఆవిడ మాటే ఖాయం.

నాకూ అజయ్‌కీ లోలోపల పండగ. పరంజ్యోతి టీచరమ్మ మా ఇద్దరికీ సండే స్కూల్లో పాఠం చెప్పిన మనిషి. పక్కవాణ్ణి 'థూ' అన్నందుకు నన్ను పాఠమంతా గోడవైపు నిలబెట్టిన మనిషి. ఉబ్బరం ఓబులమ్మ మొదటి మోత మోగగానే ఆవిడ టీవీ కట్టేసి తల పట్టుకుంటుందని మా అంచనా.

ఆదివారం మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్సెక్కాను. వెంట మా అమ్మాయి ప్రవళిక వచ్చింది. పదో తరగతికి వచ్చిన పిల్ల. ఫోన్లో ఉన్నది టీవీలోకి ఎక్కించడం నాకు చేతకాదు, అందుకని తీసుకుపోయాను. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, పిల్లలు చూడకూడదని వాదించడానికి పోతూ పిల్లనే చూపించడానికి తీసుకుపోతున్నానని బస్సు సగం దూరం పోయాక గానీ నాకు తట్టలేదు. ఏ ఏ భాగాలు చూపించాలో దానికి నాకంటే బాగా తెలుసని కూడా ఆ బస్సులోనే తెలిసింది. మా ఇంట్లో చానెల్ పెట్టకపోతే ఏం, ఫోన్లుండగా.

టీచరమ్మ ఇల్లు రాతి శిల్పాలు చెక్కే వీధి వెనక ఉంది. ఆదివారమైనా ఎవరో ఒకరు ఉలి ఆడిస్తూనే ఉంటారు. కిటికీ మూసి, ప్రవళికను టీవీకి ఎదురుగా చాప మీద కూర్చోబెట్టి, ఆవిడ తన కుర్చీని పక్కకు తిప్పుకుని కూర్చుంది. టీవీ సరిగ్గా కనపడదేమో, కుర్చీ జరుపుతానని లేచాను. నువ్వు చూడాల్సింది నువ్వు చూడు, నేను చూసేది నాకు కనపడతానే ఉంది అని నన్ను కూర్చోబెట్టింది. కళ్లు బాగా మందగించాయి కాబోలు పాపం అనుకున్నాను.

మొదటిది ఓబులమ్మ బస్సు ఆట. అహోబిలం పోయే బస్సులో కిటికీ పక్కన ఓబులమ్మ. కడుపు ఉబ్బింది. బర్రుమంటుంది. బస్సంతా ముక్కులు మూసుకుంటుంది. ఇక్కడ ఒక మాట ఒప్పుకుని తీరాలి, నిర్మల గొప్పగా చేసింది. ఇంకెవరైనా అయితే ఆ మోత కాగానే పళ్లు బయటపెట్టి చూస్తారు, నవ్వండి అన్నట్టు. ఈ పిల్ల అలా చేయదు. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగి, ఎవడురా ఆ సిగ్గులేనోడు అన్నట్టు ఒక్కొక్కణ్ణీ చూసుకుంటూ పోతుంది. చూసి చూసి చివరికి కండక్టరు దగ్గర ఆగుతుంది. కండక్టరు ఏ తప్పూ చేయకుండానే తల దించుకుంటాడు. ఆ తర్వాత బస్సు ఆగిపోతుంది. ఓబులమ్మ అందర్నీ కిందికి దింపి, నడుముకు కొంగు బిగించి ఏదో గట్టిగా అంటుంది. కుయ్‌మని మోత. మళ్లీ అంటుంది. మళ్లీ కుయ్.

ప్రవళిక చాప మీద దొర్లి నవ్వింది. నేను మాత్రం నవ్వు బయటికి రానివ్వకుండా తేలు కుట్టిన దొంగలాగా కూర్చున్నాను. టీచరమ్మ ఎటూ తోచనిదానిలాగా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకు కోపం వచ్చిందనుకున్నాను. చూస్తే భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

రెండోది మొగుడూ పెళ్లాల ఆట, అన్నీ రెండర్థాల మాటలు. ప్రవళిక ఒకసారి నా వైపు చూసి తల వంచుకుని చాప ఈనె పీకుతూ కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడోది టార్చి ఆట. పెళ్లిచూపులు. కరెంటు పోతుంది. పెళ్లికొడుకు టార్చి వేసి పిల్ల ఎక్కడా, పిల్ల ఎక్కడా అని వెతుకుతాడు. ఆ వెలుగు తిన్నగా పెళ్లికూతురు వేషంలో ఉన్న నిర్మల ముఖం మీదే పడుతుంది. అప్పుడు కూడా వాడు, 'అయ్యో, ఇంకా చీకటిగానే ఉందే' అంటాడు. జడ్జి స్థానంలో కూర్చున్నాయన కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వుతాడు. నిర్మల పళ్లు ఇకిలించి, 'ఇప్పుడు కనపడ్డానా బావా' అంటుంది. మళ్లీ నవ్వులు. మా ప్రవళిక కూడా నవ్వింది.

అంతా అయ్యాక టీచరమ్మ ప్రవళికను టీ పెట్టుకు రమ్మని వంటింట్లోకి పంపింది. నేను అందుకున్నాను. ఉబ్బరాలూ మోతలూ, మొగుడూ పెళ్లాల మాటలూ, అన్నిటికీ మించి ఆ కుయ్‌లూ, ఇంకా ఏం కావాలి అన్నాను. ఆవిడ అవేవీ పట్టించుకోలేదు.

"మూడోదాంట్లో నీ బిడ్డ నవ్వింది, చూసినావా?" అంది.

చూశానన్నాను.

"నవ్వేటప్పుడు చెయ్యి యాడికి పోయింది?"

నేను టీవీ చూస్తున్నానని చెప్పాను.

"నేను టీవీ చూల్లేదప్పా. బిడ్డ మొగం జూస్తాంటి. బస్సు ఆటకు ఒళ్లంతా నవ్వింది. మొగుడూ పెండ్లాల ఆటకు నీ మొగం జూసి సిగ్గుపడింది. సిగ్గుండాదంటే తప్పు తెల్సినట్టే, దానికి నువ్వూ నేనూ బెంగపడే పన్లా. టార్చి పడినప్పుడు నోరు నవ్వింది, చెయ్యి చెంప మీదికి పోయింది. రెండు చేతులూ పోయినాయి."

మా ప్రవళికది నా రంగు. నా మటుకు నాకు ఎప్పుడూ అదొక విషయమే కాదు. టీ తీసుకుని వచ్చిన పిల్లను టీచరమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, ఎంతో మామూలుగా, బళ్లో నిన్ను ఎవరన్నా టార్చి అంటారా అని అడిగింది.

"అంటారవ్వా. ఊరికే తమాషాకే," అంది అది, టీ గ్లాసులోకి చూస్తూ.

ఆ క్షణంలో ఆ కార్యక్రమాన్నీ, ఆ చానెల్‌నీ, ఆ టార్చి పట్టినవాణ్ణీ, చివరికి నిర్మలనూ కూడా నరికి పోగులు పెట్టాలనిపించింది. ప్రవళిక గ్లాసులు కడగడానికి పోయాక, ఇంక ఆలోచించేదేముంది టీచరమ్మా, రావద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేద్దాం అన్నాను. టార్చి వేసినవాణ్ణి వదిలేసి, వేయించుకున్న పిల్లకు తలుపు మూస్తావా అని ఆవిడ అడిగింది. ఆ పిల్లకు లేని బాధ మనకెందుకు, నవ్వుతూనే చేస్తోంది కదా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను నేను.

ఆవిడ నన్ను కాసేపు చూసింది. చిన్నప్పుడు గోడవైపు తిరగమని చెప్పేముందు కూడా అలాగే చూసేది.

"కందకు దురద లేదని నీకెవురు జెప్పినార్రా యెషయా? నువ్వు పోయి అడిగినావా?"

మరుసటి వారం కమిటీ నంద్యాలలో పాస్టరు గారింట్లో కూర్చుంది. టీచరమ్మ పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. అజయ్ కుమార్ తయారుగా ఉన్నాడు. ఉబ్బరం సంగతి పక్కన పెట్టినా, సాక్షాత్తూ టీవీ వాళ్లే సిగ్గుపడి మూసేసిన మాటను మనం చర్చి ఆవరణలో, మైకు పెట్టి, కుయ్ కూడా లేకుండా చెప్పిద్దామా అని అడిగాడు. గట్టి ప్రశ్నే. పాస్టరు గారు కూడా తలూపారు.

"ఏం మాటప్పా అది?" అంది టీచరమ్మ.

అయ్యగారి ముందర ఎలా చెప్పమంటారమ్మా అని అజయ్ నసిగాడు. నీకు తెలుసా అని ఆవిడ వదల్లేదు. తెలీదు గానీ ఏదో పాడుమాటే అయ్యుంటుందన్నాడు. నన్నడిగింది. నాకూ తెలియదు. అంతకాలం నేను ఎవరెవరితోనో వాదించింది నాకు తెలియని మాట గురించి.

"బస్సు నిల్చిపోయింది," అంది టీచరమ్మ, రెండో తరగతి పిల్లలకు చెప్పినట్టు. "ముసిల్ది అందర్నీ దిగమనింది. కొంగు బిగిచ్చింది. దిగినోల్లతో ఏమంటాది? దొబ్బండి అంటాది. బస్సు దొబ్బక ఏం జేస్తారు, దండం పెడ్తారా?"

పాస్టరు గారికి టీ పొరబోయింది. మేమందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పొద్దున్నే మా ఇంటి ముందు స్కూటరు మొరాయిస్తే ప్రవళికను పిలిచి నేను అన్న మాట అదే. మా అమ్మ తలుపు దొబ్బేది, మేం బండ్లు దొబ్బుతాం, పిల్లలు ఒకర్నొకరు దొబ్బుకుంటారు. నెట్టడాన్ని ఈ సీమలో ఇంకేమంటారో నాకు తెలియదు. హైదరాబాదులో ఆ మాట విన్నవాడికి ఎవడికో అది బూతులాగా తోచింది, కుయ్ పెట్టాడు. కుయ్ వినేసరికి మా మాటే మాకు బూతయిపోయింది.

పాస్టరు గారు దగ్గు తగ్గాక టీ కప్పు కింద పెట్టారు. తర్వాత మెల్లగా అడిగారు. "అయితే మొన్న దసరా సెలవుల్లో, అహోబిలం దారిలో మన జీపు ఆగినప్పుడు, పెద్దలందరూ కిందికి దిగి 'మీరు కూర్చోండి అయ్యగారూ, మేం దొబ్బుతాం' అన్నారే. అది నెట్టడమేనా?"

ఇంకేమిటనుకున్నారండీ అన్నాను నేను. జీపు నెట్టిన తర్వాతి ఆదివారం నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి ఆయన గంటసేపు ప్రసంగం చేసిన సంగతి అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. మొదట నవ్వింది ఆయనే. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. అజయ్ కుమార్ కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని.

ఆ నవ్వులు సద్దుమణిగేదాకా టీచరమ్మ ఓపిగ్గా కూర్చుంది. పిల్లలు ఉబ్బరం చూసి చెడిపోరు, ఉబ్బరం ఎవరికి లేదు అంది. మొగుడూ పెళ్లాల మాటలు పిల్లలకు అనవసరం, అవి శిబిరంలో వద్దు అంది. తర్వాత టార్చి ఆట గురించి చెప్పింది. అది చూస్తూ మా ప్రవళిక ఏం చేసిందో మాత్రం చెప్పలేదు, పిల్ల పేరే ఎత్తలేదు. అందుకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

"కుయ్ పెట్టాల్సింది ఆడ. పెట్టలేదు," అంది. "బస్సును దొబ్బమంటే మూసిపెట్టినారు, బిడ్డ మొగాన్ని చీకటంటే నోరెత్తలేదు. నిర్మల రావల్ల. ఓబులమ్మ రావల్ల. టార్చి సంగతి నేను బోయి మాట్లాడ్తా."

ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆవిడలాగా చూడగలగాలంటే ఇంకెన్నాళ్లు పాఠాలు చెప్పాలా అని నాకు నిజంగా అసూయ పుట్టింది. ఇన్నేళ్లుగా నేను బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతున్నాను, ఆవిడ పిల్లల వైపు తిరిగి చెప్పింది.

నిర్మల ఆళ్లగడ్డ వచ్చిందని తెలిసి టీచరమ్మా నేనూ ఇద్దరం పోయాం. టీవీలో చూసిన పొగరేమీ ఆ పిల్లలో లేదు. జుట్టు ముడి వేసుకుని గడప దగ్గర కొర్రలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టి, నన్ను ముందు చూసింది. వాట్సాప్‌లో నేనేం రాశానో ఆ పిల్ల చదివిందని ఆ చూపులోనే తెలిసింది. కమలమ్మ కుర్చీలు వేసి వంటింట్లోకి పోయింది. ఏ మాట వినాల్సి వస్తుందోనని పోయింది.

శిబిరానికి రమ్మని పిలవడానికి వచ్చామని నేనే చెప్పాను. నిర్మల నమ్మినట్టు కనపడలేదు. టీచరమ్మ వైపు తిరిగింది.

"మీరు జూసినారంట గదమ్మా. పిల్లోల్లకు తగుతాదా నా ఆట?"

"ఓబులమ్మ తగుతాది. పిల్లోల్లకే గాదు, నాకు గుడ తగుతాది. నవ్వలేక సచ్చినా."

నిర్మల ముఖం విచ్చుకుంది. ఆ నడక మా జేజిదమ్మా, అంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి చూడటం కూడా ఆమెదేనంట. కాసేపు ఆ ముసలవ్వ గురించి మాట్లాడుకున్నారు ఇద్దరూ. తర్వాత నిర్మలే అడిగింది, మరి టార్చిది తగదని చెప్పారంట కదా, పిల్లలు చెడిపోతారనా అని.

"పిల్లోల్ల సంగతి నేను జూసుకుంటా మే, నాకు అలవాటే," అంది టీచరమ్మ. "అది నీకు తగదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నిర్మల చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. ఇంకోటి కోసం వెతికింది. జనానికి అదే బాగా నచ్చిందమ్మా, అది చేయనంటే నన్నే తీసేస్తారేమో అంది, గొంతు ఏ మాత్రం మారకుండా. తీసేయమని నేను అనలేదు, నీ బతుకు నీది, తగదని మాత్రం చెప్పాలి కదా అంది టీచరమ్మ.

నిర్మల తలెత్తింది.

"రెండేండ్ల నుంచి అందురూ ఒకటే అడుగుతాండారమ్మా. జూసేటోల్లకు తగుతాదా, తగదా అని. టీవీలో అదే అడుగుతారు, ఊర్లో అదే అడుగుతారు. చేసేదానికి తగుతాదా అని ఎవురూ అడగలేదు."

ఏడవలేదు. ఏడ్చింది వంటింట్లో కమలమ్మ. నాకు అక్కడ కూర్చోవడం కష్టమైంది. టీచరమ్మ మాత్రం కదలకుండా కూర్చుని, చేటను తన ఒళ్లోకి లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నాకు ఆ ఇద్దరిలో ఎవరిని ఎక్కువ మెచ్చుకోవాలో తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

శిబిరం ఆఖరి సాయంత్రం చర్చి ఆవరణ నిండిపోయింది. యువతే కాదు, వాళ్ల అమ్మానాన్నలూ వచ్చారు. వెనక వరసలో కూర్చోబోయిన కమలమ్మను టీచరమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తన పక్కన, ముందు వరసలో కూర్చోబెట్టింది. నిర్మల తెల్లవిగ్గు, ముడతల చీరతో వచ్చింది. బస్సు ఆటే ఆడింది. కండక్టరు లేడు కాబట్టి పాస్టరు గారి వైపు చూసి ఆగింది. ఆయన ఏ తప్పూ చేయకుండానే తల దించుకున్నారు. అంత నవ్వు మా చర్చి ఎన్నడూ విని ఉండదు. దొబ్బండప్పా అని ఆ పిల్ల నోరారా అరిచినప్పుడు, కుయ్ లేని ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అజయ్ కుమార్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆట అయింది. నిర్మల దండం పెట్టింది. అప్పుడు మగపిల్లల వరసల్లోంచి ఎవరో ఒకడు 'టార్చి' అన్నాడు. పక్కవాడు అందుకున్నాడు. క్షణంలో పాతిక ముప్పై గొంతులు, 'టార్చి, టార్చి' అని చప్పట్లతో. సెల్‌ఫోన్ల లైట్లు కూడా రెండు మూడు వెలిగాయి. వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, సగంమంది నా దగ్గర లెక్కలు చదివినవాళ్లే. నేను లేవబోయాను. టీచరమ్మ చెయ్యి ఎత్తి నన్ను కూర్చోమంది.

నిర్మల విగ్గు తీసింది. చెమట తుడుచుకుంది. ముసలి గొంతు వదిలేసి, తన గొంతుతో మాట్లాడింది.

"ఆ ఆట నేనొక్కదాన్నే ఆడలేనప్పా. నా మొగం మీద టార్చి ఏసి, ఆ మాట అనేటోడు ఇంగొకడు గావల్ల. టీవీలో అయితే దానికి మనిషి ఉండాడు. ఈడ ఎవురొస్తారు? రాండి."

వెక్కిరింపు లేదు, కోపం లేదు. నిజంగానే మనిషి కోసం చూస్తున్నట్టు మైకు ముందుకు చాచి నిలబడింది. చప్పట్లు ఆగాయి. ముందు ఎవరో నవ్వారు గానీ, అది సగంలో ఆగిపోయింది. ఒకడు లేచి, మెట్ల దాకా వచ్చి, పైకి చూశాడు. అక్కడినుంచి ఆమె ముఖం దగ్గరగా కనపడుతుంది. వాడు ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి పోయాడు. నిర్మల ఇంకా చూసింది, ఆ వరస చివరినుంచి ఈ వరస చివరిదాకా. ఒక్కొక్క లైటూ ఆరిపోయింది. మా ప్రవళిక ఆడపిల్లల మధ్య నిటారుగా కూర్చుని, ఆ మగపిల్లల వైపే చూస్తోంది.

"ఎవురూ రారా? అయితే ఆ ఆట లేదు," అంది నిర్మల.

మైకు కింద పెట్టి, మెట్లు దిగి, తిన్నగా తల్లి దగ్గరికి వచ్చింది. కమలమ్మ జరిగి చోటిచ్చింది. నిర్మల కూర్చున్నాక, పక్కనున్నావిడ వైపు తిరిగి, ఆవిడకు ఇంతకాలం తెలియనిదేదో చెబుతున్నట్టు, నలుగురికీ వినపడేలా, "నా బిడ్డ," అంది కమలమ్మ.